బీరపీచు తాగిన అంబలి

“వద్దు నాయనా! ఆ రాతి కింద చెయ్యి పెట్టకు! ఏ పురుగో పుట్రో ఉంటుంది!”

కేతకీదేవి కేక ఇంకా గాలిలో ఉండగానే ధవళకేతు మోచేతిదాకా చెయ్యి దూర్చేశాడు. మరుక్షణం బుస్సుమని శబ్దం. మిట్ట మీద ఏనాడో పారేసిన పాత తిరగలి కిందినుంచి నల్లతాచు ఒకటి సర్రున లేచి, చేటంత పడగ విప్పి నిలబడింది. దాని నాలుక అతని ముక్కుకు జానెడు దూరంలో ఆడుతోంది. పెట్టిన చెయ్యి వెనక్కి లాగితే కాటు. లాగకపోయినా కాటే.

ధవళకేతు చెయ్యి లాగలేదు. రెండో చేత్తో భుజం మీది మలారాన్ని, కర్రకు గుచ్చిన గాజుల బారును, ఒక్క ఊపున ముందుకు విసిరాడు. ఎర్రవీ పచ్చవీ గాజులు ఘల్లుమన్నాయి. పాము ఆ మెరుపును చూసి మలారాన్నే కాటేసింది. కోరలు గాజుల మధ్య ఇరుక్కుపోయాయి. అంతలో అతను దాని మెడ పట్టి, గిర్రున తిప్పి, దూరంగా ఉన్న బ్రహ్మజెముడు పొదల్లోకి విసిరేశాడు. అప్పుడు తీశాడు తిరగలి కింది చెయ్యి. ఆ చేతిలో చింతచెక్క పెట్టె ఉంది.

“దొరికిందమ్మా!”

“దొరికింది సరే, కాటు పడిందా? ఏదీ, చూపించు. ఈ గీత ఏమిటి? పంటిగాటు కాదు కదా?”

“గాజు గీసుకుంది.”

“గాజు గీత ఇలా ఉంటుందా? నాలుక చాపు. నల్లబడిందేమో చూస్తాను.”

ఐదుసీమల రాజ్యానికి యువరాజు, చిరుతపులిని ఉత్త చేతులతో గుహలోంచి ఈడ్చుకొచ్చినవాడు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి తల్లి ముందు నాలుక చాపాడు.

దారినపోయేవాళ్లు చూస్తే వాళ్లను ఊరూరా తిరిగి గాజులమ్ముకునే తల్లీకొడుకులనే అనుకుంటారు. మహారాణి కేతకీదేవి మోకాళ్ల పైకి ఎగ్గట్టిన నేతచీర కట్టింది. తలమీద గాజుల బుట్ట. ధవళకేతు మలారం లోపలి కర్రలో కత్తి దాగి ఉంది. ఆ వేషం వెనక ఉన్నది మాత్రం ఒక ఆడపిల్ల ప్రాణం.

ఉప్పుకొండ గుహలో ఉండే శుష్కజిహ్వుడనే మాంత్రికుడు పుట్టుకతోనే నాలుకకు రుచి తెలియనివాడు. వాడు ధవళకేతు చెల్లెలు లవంగికను పెళ్లాడతానని వచ్చి, కాదనిపించుకుని, పోతూ పోతూ చిటికెడు బూడిదను ఆ పిల్ల పెదవుల మీదికి ఊదిపోయాడు. అప్పటినుంచి లవంగికకు పాలు సున్నపునీళ్లు, అన్నం ఇసుక. ఏదీ గొంతు దిగదు. బంగారు బొమ్మలాంటి పిల్ల, పక్కమీద ఉందో లేదో దుప్పటి తీసి చూస్తేగాని తెలియనంతగా చిక్కిపోయింది. ముద్దరల నడక నడిచి, ఐదు సీమల ముద్దరలూ నిజాయితీగా వేయించుకున్న వస్త్రాన్ని నీళ్లలో ముంచి, ఆ నీళ్లు ఆమె నాలుక మీద వేస్తే రుచి తిరిగొస్తుందని రాజగురువు చెప్పాడు.

ముద్దరల నడక ఆ రాజ్యంలో పాత ఆనవాయితీ. పూర్వం ఐదు సీమలవాళ్లూ ఒకరినొకరు చంపుకునేవారు. ఒకరి బావిలో ఒకరు విషం కలిపేవారు. పొరుగు సీమలో దాహం తీర్చుకున్నవాడు ఇంటికి తిరిగొస్తాడన్న నమ్మకం ఉండేది కాదు. ఆ పగలు చల్లారాక పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. ప్రతి సీమా తనకు ప్రాణమైన పానీయమో తినుబండారమో ఒకటి ఎంచుకుంటుంది. దాని బొమ్మను కొయ్యముద్దరగా చెక్కించి, పెట్టెలో పెట్టి, ఎక్కడో దాచిపెడుతుంది. నడక పట్టినవాడు పొడుపుమాట విప్పి పెట్టెను వెతకాలి. దాన్ని ఊళ్లోకి తెచ్చి, ఆ సీమవాళ్ల చేతి మీదుగా ఆ పానీయం తాగాలి. తాగాకే ఆ ముద్దరను తన వస్త్రం మీద వేసుకోవాలి. పెట్టెలో ఉండే ఊరి వస్త్రం మీద తన సొంత గుర్తు వేసి వెళ్లాలి. మీ చేతి నీళ్లను నమ్మి తాగాను అని చెప్పడమే ఆ గుర్తు.

ధవళకేతు ఒంటరిగా బయలుదేరతానన్నాడు. కేతకీదేవి ఒప్పుకోలేదు. కూతురు మంచంలో, కొడుకు అడవుల్లో. ఏ ఊళ్లో ఎవరు ఏం కలిపి పోస్తారో! ఆమె కోటగుమ్మం దగ్గర కూలబడి ఉండగా ఒక బుడబుక్కలవాడు డమరుకం వాయించుకుంటూ వచ్చాడు. ఆమె ముఖం చూసి, “ఐదు గిన్నెల్లో ఒక గిన్నెలో విషముంది తల్లీ. ఏ గిన్నెలోనో నా నోట చెప్పించకు,” అన్నాడు. జోలెలోంచి ఎండు బీరకాయ పీచు ఒకటి తీసి ఇచ్చాడు. “పిల్లవాడి ఉత్తరీయం మడతలో, గడ్డం కింద కుట్టు. గిన్నె ఎత్తినప్పుడు పానీయం నోట్లోకి పోకుండా ఇందులోకి జారుతుంది. ఎంత పోసినా బరువెక్కదు, చుక్క కారదు.”

ఆమె తన చేత్తోనే కుట్టింది. కుట్లు కనపడకుండా కుట్టింది. రాచవాళ్లని తెలిస్తే ఎవరేం చేస్తారోనని, గాజులవాళ్ల వేషంలో తనూ వెంట బయలుదేరింది.

నదిసీమలో మిరియాలు దంచి వేసిన చెరకు పానకం ఇచ్చారు. బీరపీచు తాగేసింది. కొండసీమలో తేనె కలిపిన ఇప్పపూల రసం, నువ్వుల చిమ్మిలి ఇచ్చారు. రసాన్ని బీరపీచు తాగేసింది. చిమ్మిలి ఉండలను కేతకీదేవి కళ్లు మూసి తెరిచేలోగా బుట్టలో గాజుల కింద దాచేసింది. ఆనాటినుంచి ఆమె ఎక్కడ బుట్ట దించితే అక్కడికి చీమలబారు వచ్చేస్తోంది. రెండు సీమల్లోనూ జనం దండలు వేసి పంపారు. దండ మెడలో పడ్డప్పుడల్లా ధవళకేతు తల ఎత్తలేకపోయాడు.

“అమ్మా, మనం చేస్తున్నది మంచి పని కాదు,” అన్నాడు పెట్టె దుమ్ము తుడుస్తూ.

“చెల్లెలు బతకడం మంచి పని కాదా?”

“అది కాదు. ఈ ఎర్రమిట్ట సీమవాళ్ల అంబలి మాత్రం తాగుతాను. పొద్దుటినుంచి చుక్క నీళ్లు లేవు. గొంతు అంటుకుపోతోంది.”

“నామీద ఒట్టు! అయిన రెండింట్లోనూ విషం లేదంటే, ఇక మిగిలినవాటిలోనే ఉన్నట్టు కదా.”

“తాగితే కదా లేదని తెలిసేది?”

“చూశావా మరి! వాటిలో కూడా ఉండొచ్చు!” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ధవళకేతు చిరుతలకు భయపడడు. ఆ నీళ్లకు భయపడతాడు. పెట్టె చంకన పెట్టుకుని మిట్ట దిగాడు.

ఎర్రమిట్ట అందం చూడాలంటే వానల తరువాత చూడాలంటారు. ఆ ఏడు వానలే లేవు. ఆకాశం కాగిన రాగిపళ్లెంలా ధగధగలాడుతోంది. కుంకుమ కుప్పలు పోసినట్టున్న ఎర్రనేల మీద మోదుగులు ఆకు ఒక్కటీ లేకుండా నిప్పురవ్వలు పూశాయి. ఏటిలో నీటికి బదులు ఇసుక పారుతున్నట్టుంది. ఆ ఇసుకలో ఆడవాళ్లు మోకాలిలోతు చెలమలు తవ్వి, ఊరే నీటిని మోదుగాకు దొప్పలతో తోడి కడవల్లో పోసుకుంటున్నారు. ఒక దొప్ప నిండాలంటే ఎండలో ఎంతోసేపు కూర్చోవాలి.

ఊరి చావిడి దగ్గర జనం అప్పటికే గుమిగూడారు. ముందు నిలబడ్డది సుంకులవ్వ. ఒళ్లంతా ముడతలు, చెవులకు బరువైన కమ్మలు, చంకలో మట్టికుండ. ఆ సీమ తరపున నడకవాళ్లకు అంబలి పోసే హక్కు ఆమెది. ఆమె పక్కనే ఆమె అల్లుడు మద్దిలేటి, కర్ర మీద గడ్డం ఆనించుకుని.

“పెట్టె దొరికిందే! తిరగలి కింద నాగన్న ఏమన్లేదా?” అన్నాడు మద్దిలేటి.

“బుస కొట్టాడు.”

“పలకరిచ్చినాడులే. కొత్తోళ్లంటే వానికి ముద్దు.” మద్దిలేటి చూపు కేతకీదేవి దించిన బుట్ట మీద పడింది. “ఏమ్మా గాజులమ్మా, గాజులకు చీమలు పట్టేది నేను యాడా చూడలే. బెల్లంపాకంతో పోసినారా ఏంది?”

జనం గొల్లుమన్నారు. కేతకీదేవి చీమల మీద కొంగు కప్పి, తానూ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

“ఊరుకోరా, నడిచొచ్చినోళ్లను నిలబెట్టి ఎకసెక్కాలు,” అంది సుంకులవ్వ. “దా నాయనా, కూర్చో. ఎంత వాడిపోయినావు! తెల్లజొన్నల అంబలి. పొద్దున్నే చెలమకాడ కూర్చుని నీళ్లు తెస్తి. నూక రోంత గట్టిగానే ఏసినా, నడిచేటోనికి కడుపులో నిలబడల్ల గదా.”

“మరి మీ ఇంట్లోకి?” అని అడిగాడు ధవళకేతు.

“మాది రేపు చూసుకుంటాంలే. నడకోడు రోజూ వస్తాడా?”

ఆమె కుండలోంచి ముంతలోకి అంబలి వంచింది. చిక్కగా, తెల్లగా, బుడగలు కట్టి జారింది. పులుపువాసన చావిడంతా పరుచుకుంది. మీద చిటికెడు ఉప్పు చల్లి, పక్కన చితక్కొట్టిన ఉల్లిపాయ పెట్టింది. రెండు చేతులతో ముంత అందించింది. కుండ నోటి దగ్గర అంటుకున్న చెంచాడు అంబలిని వేలితో తుడిచి, ఆ వేలు నాకలేదు. దాన్నీ ముంతలోకే విదిలించింది.

కేతకీదేవి అది చూసింది. పోసిన మనిషే రుచి చూడలేదని కొడుకు వైపు కళ్లు పెద్దవి చేసింది.

ధవళకేతు ముంత ఎత్తాడు. ఊరంతా అతని గొంతు వైపే చూస్తోంది. తాగినట్టు గొంతు కదపడం అతనికి బాగా అలవాటైపోయింది. అంబలి పెదవిని తాకీ తాకకుండా గడ్డం కిందికి, ఉత్తరీయం మడతలోకి జారింది. “అబ్బ!” అన్నాడు. ఖాళీ ముంత దించాడు. జనం కేరింతలు కొట్టారు. సుంకులవ్వ ముఖం మీది ముడతలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి.

పెట్టె తెరిచారు. జొన్నకంకీ ముంతా చెక్కిన ముద్దర బయటికి తీశారు. మోదుగుపూల రంగులో ముంచి ధవళకేతు తన వస్త్రం మీద అద్దుకున్నాడు. ఊరి వస్త్రం మీద, తల్లి నేర్పినట్టే, దొంగగుర్తు వేశాడు: ఒక గాజు బొమ్మ. వస్త్రం ఎక్కడ పారేసుకుంటాడోనని కేతకీదేవి వెంటనే దాన్ని లాక్కుని బుట్టలో దాచింది.

“ఇక వెళ్లొస్తాం,” అంది. “ఎండ ముదురుతోంది.”

రెండడుగులు వేశారో లేదో, ధవళకేతు ఆగిపోయాడు. మెడ దగ్గర ఏదో లాగుతోంది. వంగి చూశాడు. సుంకులవ్వ మేక! తాడు తెంపుకొచ్చి, ముందుకాళ్లు అతని తొడమీద వేసి నిలబడి, ఉత్తరీయాన్ని ఆబగా నాకుతోంది.

“ఛీ, పో!”

మేక పోలేదు. పానకం పల్చన, ఇప్పరసం పల్చన. అవి బీరపీచులోకి జారి ఎటో మాయమైపోయాయి. చిక్కటి అంబలికి ఆ దారి ఇరుకయింది. జొన్ననూక పీచు కన్నాల్లో అడ్డుపడి, అంబలి పైకి పొంగి, తెల్లటి ధారగా అతని రొమ్ము మీదికి కారుతోంది. ధవళకేతు మేకను తోశాడు. మేక మడతను పళ్లతో పట్టి పీకింది. కేతకీదేవి కనపడకుండా వేసిన కుట్లు పటపటా తెగాయి. నూక పట్టి ఉబ్బిన బీరపీచు జారి, నడివీధిలో చప్పున పడింది.

కేరింతలు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. మేక ఒక్కటే నాలుక చప్పరిస్తోంది.

సుంకులవ్వ నెమ్మదిగా వచ్చింది. కిందపడ్డ పీచునూ, అతని రొమ్ము మీది తడినీ చూసింది. చిన్నగొంతుతో అడిగింది.

“బాగలేదా నాయనా? ఉప్పెక్కువాయనా?”

ఆ మాటకు ధవళకేతు దుమ్ములో మోకరిల్లాడు. “లేదవ్వా. నేను తాగనేలేదు. తప్పు నాదే.”

“తాగనిది బాగలేక కాదత్తా,” అన్నాడు మద్దిలేటి. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు. “గడ్డం కింద పీచు కుట్టుకోని వచ్చినారంటే ఇంటికాన్నే అనుకోనొచ్చినారు. విషం పెడతామనుకున్యారు. మా తాతలనాటి మాట మళ్లీ మా మొగాన కొట్టినారు. ఏమ్మా, అంతేనా?”

కేతకీదేవి నోరు తెరిచింది. కొడుకు తన తప్పును నెత్తిన వేసుకుని దుమ్ములో మోకరిల్లి ఉన్నాడు. ‘నేనే కుట్టాను’ అన్న రెండు మాటలు గొంతు దాటి రావటం లేదు. ముఖం భగభగ మండిపోతోంది. ఇంత జనంలో నేల మీద చూపు ఆనించేందుకు ఆమెకు చోటు దొరకలేదు. ఎక్కడ చూసినా ఎవరివో పాదాలు, ఎండకు పగిలిన పాదాలు.

సుంకులవ్వ వంగి పీచును తీసింది. దానికంటిన నూకను వేలితో గీకి మేక నోటికి పెట్టింది.

“తినే. నువ్వన్నా తిను.”

అప్పుడు బీరపీచు దగ్గింది.

“ఖళ్! ఖళ్ ఖళ్!”

సుంకులవ్వ కెవ్వుమని దాన్ని వదిలేసింది. పీచు నేలమీద గిలగిలా కొట్టుకుంటోంది. ఎక్కడో దూరాన ఎవడో గొంతులో నూక అడ్డుపడి చస్తున్నట్టు దగ్గు, దగ్గు మీద దగ్గు. దగ్గు ఉరుముగా మారింది. ఉత్తరాన ఉప్పుకొండ మీదినుంచి తెల్లటి దుమ్ము స్తంభంలా లేచి, ఆకాశాన్ని రాసుకుంటూ ఊరి మీదికి విరుచుకుపడింది. కడవలు దొర్లాయి. పొద్దుటినుంచి తోడిన నీళ్లు ఎర్రమట్టిలో ఇంకిపోయాయి. సుడిగాలి నడుమ ఒక ఆకారం నిలబడింది. భుజాన జోలె, చేతిలో డమరుకం.

కేతకీదేవి అతన్ని గుర్తుపట్టింది. కోటగుమ్మం దగ్గర తనకు పీచు ఇచ్చిన బుడబుక్కలవాడు!

జోలె రాలిపోయింది. వేషం ఊడిపోయింది. ఉప్పుపొర కట్టిన ఒళ్లు, ఎండుటాకులా గరగరలాడే నాలుక. శుష్కజిహ్వుడు!

“మహారాణీ!” వాడు నవ్వబోయి దగ్గాడు. “పీచు తాగిందంతా నా గొంతులోకే వచ్చింది. పానకం అమోఘం. ఇప్పరసం... ఖళ్... అమృతం. పుట్టి బుద్ధెరిగాక నాలుకకు రుచి తగిలింది ఇప్పుడే. ఇదంతా నువ్వు పెట్టిన భిక్ష. నీ పిల్లవాడి ముద్దరల్లో నేను ఒక్కటి కూడా చెరపలేదు. నీ చేత్తో నువ్వే చెరుపుకున్నావు. భయం చెప్పాను, బీరపీచు ఇచ్చాను. కుట్టిందెవరు?”

మహారాణీ అన్న మాట జనంలో గుప్పుమంది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

ధవళకేతు అప్పటికే మలారం విరిచి కత్తి దూశాడు. గాజులు జల్లున రాలాయి. ఒక్క దూకులో మాంత్రికుడి మెడ మీద వేటు వేశాడు. కత్తి దుమ్ములోంచి దుమ్ములోకి పోయింది. తిరిగి రెండో వేటు. మూడో వేటు వేసేలోగా అతని మెడలోని ఉత్తరీయమే తెల్లతాచులా మెలికలు తిరిగి, చేతులను ఒంటికి కట్టేసింది.

“పీచు పాడయింది,” అన్నాడు శుష్కజిహ్వుడు దగ్గుతూ. “ఇక నాకు వీడి నాలుకే కావాలి. గుహకు తీసుకుపోయి, దాన్ని నాదిగా చేసుకుంటాను. మంత్రం పూర్తయ్యాక వీడు మిగిలితే పంపిస్తాలే.”

ధవళకేతు కాళ్లు నేలను వదిలాయి. గాలిలోకి లేస్తూనే అతను అరిచాడు.

“అమ్మా! నా వెనక రాకు! చెల్లెలి నడక ఆపకు! అమ్మా, ఈసారి తాగు!”

సుడిగాలి అతన్ని మింగి, ఉప్పుకొండ వైపు తిరిగిపోయింది. చాలాసేపటిదాకా దగ్గు వినిపిస్తూనే ఉంది.

దుమ్ము సద్దుమణిగింది. కేతకీదేవి నేలమీద పడి ఉంది. చుట్టూ పగిలిన గాజులు. బుట్ట తిరగేసి వస్త్రం తీసింది. చెరకుగడ బొమ్మ ఉండాల్సినచోట ఏమీ లేదు. ఇప్పపువ్వు ఉండాల్సినచోట ఏమీ లేదు. ఇందాక వేసిన జొన్నకంకి రంగు ఆమె చూస్తుండగానే పొడిపొడిగా రాలిపోయింది. తెల్లటి గుడ్డ మీద రెండు చీమలు పాకుతున్నాయి.

ఇన్నాళ్ల నడక అది. అక్కడ కూతురు, ఇక్కడ కొడుకు. ఇద్దరినీ కాపాడబోయి ఇద్దరినీ తనే పోగొట్టుకుంది.

ఆమె కొంగు ముఖం మీదినుంచి తీసేసింది.

“నేనే కుట్టాను,” అంది, అందరికీ వినపడేలా. “పిల్లవాడు వద్దన్నాడు. తాగుతానని బతిమాలాడు. మీ చేతి అంబలిలో విషం ఉంటుందని నేనే అనుకున్నాను. నదిసీమలోనూ అలాగే అనుకున్నాను, కొండసీమలోనూ అంతే. ఆ గాజు గుర్తు కూడా దొంగది. నన్ను ఏం చేసినా పడతాను. కానీ అవ్వా, కుండలో ఏమైనా మిగిలితే... నాకు పొయ్యి.”

“ఇప్పుడడుగుతాండావా?” అన్నాడు మద్దిలేటి. “నీళ్లన్నీ మట్టిపాలాయె. వాడొచ్చింది నీ పీచెంబడే కాదా?”

“అవును.”

“రాణివైతే మాత్రం...”

“ఒరేయ్, గమ్మునుండు,” అంది సుంకులవ్వ. ఆమె పక్కకు దొర్లిన కుండను నిలబెట్టి లోపలికి తొంగిచూసింది. “అడుగున రోంత ఉండాది. దుమ్ము పడింది. తాగుతావా?”

కేతకీదేవి కుండలోకి చూసింది. అడుగున చెయ్యి తడిసేంత అంబలి. అందులో ఎర్రమట్టి, ఒక గడ్డిపోచ, ఏదో నల్లటి నలక. అది నలకో, పురుగో! ఏరి పారేయబోయి, చాచిన వేలు వెనక్కి తీసుకుంది.

దోసిలి పట్టింది.

సుంకులవ్వ కుండ వంచింది. కేతకీదేవి కళ్లు మూసుకోలేదు. పోస్తున్న చేతి వైపే చూస్తూ, మట్టితో సహా, నూకతో సహా తాగింది. పులుపు నాలుకను పట్టి కుదిపింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. నూక పంటికింద పడి కరకరలాడింది. తాగాక ఏమవుతుందోనని ఒక్క క్షణం చూసింది. ఏమీ కాలేదు. ఆకలి తగ్గింది, అంతే.

“బాగుంది,” అంది. ఆ మాట అంటూనే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. “చాలా బాగుందవ్వా. ఉప్పు ఎక్కువ కాలేదు.”

చీర అంచు మడత చింపి, అందులో దాచిన ఉంగరం తీసింది. ఊరి వస్త్రం మీద గాజు బొమ్మను కొట్టేసి, దాని పక్కన ఆ ఉంగరం గట్టిగా అద్దింది. చెరకుగడా కత్తీ ఉన్న రాజముద్ర. ఎర్రమిట్ట వస్త్రం మీద ఆ ముద్ర పడటం అదే మొదటిసారి. జనం నోళ్లు తెరుచుకుని చూశారు. ఆ తరువాత జొన్నకంకి ముద్దరను రంగులో ముంచి, తన వస్త్రం మీద వేసుకుంది. ఊది చూసింది, గీకి చూసింది, కొంగుతో రుద్ది చూసింది. రాలలేదు.

ఆమె చటుక్కున లేచింది. “ఉప్పుకొండకు దారెటు?”

“దారి యాడిది తల్లీ?” అన్నాడు మద్దిలేటి. రాజముద్ర చూశాక అతని కర్ర కొంచెం కిందికి దిగింది. “అంతా ఉప్పునేల. అడుగులు నిలబడవు. గుహలు లెక్కల్యా. యా గుహలో పెట్టినాడో ఎట్ల తెలుస్తాది?”

మేక అరిచింది. ఉత్తరం వైపు మెడ చాచి, ముక్కుపుటాలు అదరేసి, మళ్లీ అరిచింది. ధవళకేతు మెడలో అంబలితో తడిసిన ఉత్తరీయం ఇంకా ఉంది. గాలి అటునుంచే వీస్తోంది.

సుంకులవ్వ, కేతకీదేవి ఒకరినొకరు చూసుకున్నారు.

“దీనికి అంబలివాసన తగిలితే కొండైనా ఎక్కుతాది,” అంది సుంకులవ్వ తెగిన తాడును ముడివేస్తూ. “తీసుకోనిపో. పిల్లోడు దొరికినాక తోలుకోనిరా. నదిసీమోళ్లకు, కొండసీమోళ్లకు గూడా చేసింది చెప్పి, తాగి, మిగిలిన రెండు సీమలు గూడా నడిచి, ఆయెనకే ఇంటికి పో. చెప్పకుండా పోతే నేనే వచ్చి చెప్తా.”

“చెబుతాను అవ్వా.” కేతకీదేవి తాడు అందుకుంది.

“ఉండు. యాడికి అప్పుడే? తాగిన కుండ ఎవురు తోమల్ల?”

జనం ఉలిక్కిపడ్డారు. మద్దిలేటి అత్త మోచెయ్యి గిల్లాడు. “రాణిగారత్తా!”

“రాణైతే ఏంది? తాగల్యా?”

కేతకీదేవి కుండ తీసుకుని నేలమీద కూర్చుంది. నీళ్లకోసం అటూ ఇటూ చూసి, నీళ్లు లేవని గుర్తొచ్చి, గుప్పెడు ఇసుక పోసి తోమింది. లోపలా బయటా తోమి, చెంగుతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చింది. సుంకులవ్వ దాన్ని ఎండకు ఎత్తి చూసి, సరే అన్నట్టు తల ఊపింది.

మేక ఒక్క గుంజు గుంజింది. ఐదుసీమల మహారాణి తాడు చేతికి చుట్టుకుని, తోలు చెప్పు ఒకటి తెగిపోతే రెండోది కూడా వదిలేసి, దాని వెనక పరుగెత్తింది. ముళ్లపొదలు దాటి, ఎండిన ఏరు దాటి, ఎర్రనేల అయిపోయి తెల్లగా పగుళ్లిచ్చిన ఉప్పునేల మొదలయ్యేచోటికి చేరింది. దాని పగుళ్లలో ఏవో కదులుతున్నాయి.

“దారి చూసి నడువు తల్లీ!” వెనకనుంచి సుంకులవ్వ అరిచింది. “ఆడ పాములుంటాయి!”

కేతకీదేవి వెనక్కి తిరగలేదు. ఉప్పునేల మీద కాలు పెట్టింది. కాలి కింద పెంకులా విరిగి, పాదం చీలమండదాకా దిగబడింది. ఎదుట తెల్లటి కొండకు వందలకొద్దీ గుహలు నోళ్లు తెరిచి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లోంచి, గొంతులో అడ్డుపడ్డ జొన్ననూక పైకీ రాక కిందికీ పోక, ఎవడో దగ్గుతున్నాడు.

మేక చెవులు రిక్కించింది. ఆమె తాడు వదులు చేసింది.